చప్పుడు చేసే కెమెరా

తార్నాక,
14 నవంబరు 2025, శుక్రవారం.

గౌరవనీయులైన కమలాకర్ గారికి,

విజయకుమారి నమస్కరించి రాయునది. మీరూ భూదేవి గారూ ఒంట్లో బాగున్నారని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను, మీరు నమ్మనక్కర్లేదు. కుడి మణికట్టు విరిగి సిమెంటు కట్టులో ఉంది. ఎడంచేత్తో రాస్తున్నాను. నలభై మంది పిల్లల చేత గుండ్రంగా రాయించిన టీచర్ని, నా రాత ఇప్పుడు కోడి కెలికినట్టుంది, సర్దుకోండి.

ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. మెసేజీ పెడితే చదివినట్టు నీలం గీతలు వస్తాయి, జవాబు రాదు. వారాసిగూడ ఇంటికి వెళ్తే తాళం. అంబర్‌పేట్‌లో బావమరిది గారింట్లో దిగారని మీ కింద వాటా ఆవిడ చెప్పి, అడ్రసు కూడా ఇచ్చింది. అందుకని కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో వేస్తున్నాను, రేపటికల్లా అందుతుంది. ఉత్తరం నోరు మూయించే బటన్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ముందు మీ ప్రశ్న సంగతి. నేను పాత కెమెరాయే ఉంచుకోవాలా, కొత్తది కొనాలా? దసరా నుంచి నా ప్రాణం తీస్తున్నారు. పాతది ఎక్స్ఛేంజ్ ఇచ్చెయ్యి టీచర్, ఆఫర్ పోతది, ఇంకెన్నాళ్లు ఈ ఇటుకరాయి మోస్తవ్ అని. నా దాంట్లో మీట నొక్కి లోపలి అద్దం ఎగిరిపడ్డప్పుడల్లా తలుపు విసిరికొట్టినట్టు ఠప్పుమంటుందనీ, ఆ చప్పుడుకి పిట్ట కాదు ఏనుగు గూడ లేచిపోతదనీ మన పిట్టల ఫోటోల గ్రూపు మొత్తం ముందు ఎక్కిరించారు. మీ కొత్తదాంట్లో అద్దమే లేదు. నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. పిట్ట కన్ను ఎక్కడుందో అదే వెతికి పట్టుకుంటుంది, రెప్పపాటులో ఇరవై బొమ్మలు తీసి పెడుతుంది, చీకట్లో తీసినా బొమ్మ మీద ఇసక రాల్చినట్టు ఉండదు. నేనేమో, మీరు కంటికి ఆన్చుకునేది గాజు కాదు చిన్న టీవీ, మీరు చూస్తున్నది పిట్టని కాదు పిట్ట సినిమాని అని దెప్పేదాన్ని. మీ దానికి నెత్తిమీద ఫ్లాష్ కూడా లేదు, అంత డబ్బు పోసి కొన్నదానికి దీపం విడిగా కొనాలా అని నవ్వేదాన్ని.

నిజం చెప్పొద్దూ, లోపల్లోపల నాకు దాని మీద మోజే. నా వేళ్ళ కీళ్ళు పోటెత్తిన రోజున మీ కెమెరా చేతిలోకి తీసుకుంటే అరచేతిలో జామకాయ పెట్టుకున్నట్టు ఉండేది. ఆ మాట మీ ఒక్కరి చెవినే వేశాను. మా రెబెకాకి కూడా చెప్పలేదు, చెబితే అక్కకి కొనిపెట్టాలని చెల్లెలి ప్రాణం కొట్టుకుంటుందని.

ఇక పోయిన శనివారం సంగతి. మీరూ అక్కడే ఉన్నారు కదా, మళ్ళీ మీకెందుకు చెప్పడం అంటారా? మీరు మధ్యలో మాయమయ్యారు. అందుకని మొదట్నుంచీ చెబుతాను, కాదనగలిగితే కాదనండి.

యూనివర్సిటీ క్యాంపస్ వెనక రోడ్డు మీద, నెమళ్ళు దిగే చోట, పొదల పక్కన ఇద్దరం కాచుకుని ఉన్నాం. మంచు ఇంకా విడలేదు. చెట్ల కింద మసక మసగ్గా ఉంది. ఒక ముసలాయన మనవరాల్ని భుజం మీద కూర్చోబెట్టుకుని వచ్చాడు. పిల్ల నెమలి వెనకాల పరిగెడతానని మారాం చేస్తోంది, ఆయన దింపనంటున్నాడు, అది గుక్కపెట్టి ఏడుస్తోంది. అంతే. లోకంలో ఏ తాతైనా ఏ మనవరాలైనా చేసే గోలే. నెమలి ఎగిరిపోతుందని మీరే విసుక్కున్నారు.

ఆ వారమంతా వాకర్స్ గ్రూపులో ఒకటే మెసేజీ తిరిగింది, ఊళ్ళోకి పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని. మీరే నాకు చూపించి నవ్వారు. దిలీప్ నవ్వలేదు. పొద్దున్నే వాకర్సందర్నీ వెంటేసుకుని, కుక్కల కోసమని కర్ర ఊపుకుంటూ నడిచే ఆ ప్లాట్లమ్మే దిలీప్ సరిగ్గా అప్పుడే మలుపు తిరిగి వచ్చాడు. వెనక ఏడెనిమిది మంది. ముసలాయన్ని ఆపి, ఎవరి పిల్లరా గిది అన్నాడు. నా మనుమరాలు సార్, నా బిడ్డ బిడ్డ అన్నాడాయన. దాని పేరేంది అన్నాడు దిలీప్. బుజ్జమ్మ అన్నాడాయన. పిల్ల గడ్డం పట్టుకుని, నీ పేరేంది బేటా అని అడిగారు. ఏడుస్తూనే, ఏంజెల్ అంది.

పేరు గూడ తెల్వదు వీనికి అని ఎవరో అరిచారు. అంతే, అయిపోయింది.

ఎంత చిన్న సంగతండీ! బాప్తిస్మంలో పెట్టిన పేరొకటి, తాత నోట్లో తిరిగే పేరొకటి. మా ఇళ్ళల్లో ఎవరికి ఒక్క పేరుంది? నా తమ్ముడు ఎలీషా, ఇంట్లో చిన్నోడు. మా చర్చి జ్ఞానప్రకాశం గారిని వాళ్ళమ్మ పోయేదాకా బుల్లోడా అనే పిలిచింది, నేను చెవులారా విన్నాను. ఆ జ్ఞానప్రకాశం గారు ఆ గుంపులోనే ఉన్నారు. ఆయన ఒక్కరు ఆగండయ్యా అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది.

మొదటి దెబ్బ దిలీప్‌ది. కర్ర ముసలాయన చెవి మీద పడింది. పచ్చి కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. పిల్ల భుజం మీంచి జారి రోడ్డు మీద పడితే, ఎవరో రెక్క పుచ్చుకుని పక్కకి ఈడ్చారు. ఆ తర్వాత ఎవరు ఎక్కడ కొట్టారో చెప్పలేను. రోజూ గుడ్ మార్నింగ్ మేడమ్ అని నవ్వే మనుషులు, బీపీ మాత్ర వేసుకుని ఇంట్లోంచి బయల్దేరిన మనుషులు, తెల్ల బూట్లతో కడుపులో తన్నారు. ఆయన మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంటుంటే జ్ఞానప్రకాశం గారు ఆ రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నారు. మా సంఘపెద్ద, రిటైరైన హెడ్మాస్టరు! ప్రభువు బల్ల దగ్గర నాకు రొట్టె అందించే చేతులవి. ముసలాయన పన్ను ఊడి రక్తంతో కలిసి గడ్డానికి అతుక్కుంది. నా మనుమరాలు బాంచెన్, నా మనుమరాలు అని అంటూనే ఉన్నాడు. మాట ఏదో తెలియకుండా పోయేదాకా అన్నాడు. దొంగ ఏడుపు ఏడుస్తుండు చూడుండ్రి అని ఒకాయన నవ్వాడు కూడా. దిలీప్ రోడ్డు పక్కనుంచి రాయి తీశాడు. ఎడం కన్ను మీద కొట్టాడు.

నేను గొంతు చించుకుని అరుస్తూ మధ్యలోకి వెళ్ళాను. ఎవరో మోచేత్తో గుండెల మీద పొడిస్తే తుప్పల్లో పడ్డాను. అక్కణ్ణుంచి మీ వైపు చూశాను. మీరు చెట్టు చాటున ఉన్నారు. కెమెరా కంటికి ఆన్చి ఉంది. ఇన్నేళ్ళుగా మీ పక్కన నిలబడ్డదాన్ని, మీరు ఊపిరి బిగబట్టారంటే వేలు మీట మీద ఉన్నట్టే. మీరు తీస్తున్నారు. కొట్టేవాళ్ళకి వినపడలేదు. తన్నులు తింటున్నవాడికీ వినపడలేదు. అంత మంచి కెమెరా!

అప్పుడు నేను నా డొక్కు కెమెరా నెత్తిమీది ఫ్లాష్ లేపి, దిలీప్ మొహానికి ఎదురుగా పెట్టి నొక్కాను. ఠప్పుమంది. ఆ మంచులో, ఆ చెట్ల కింద, పిడుగు పడ్డంత వెలుగొచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ. దేవుడి తోడు కమలాకర్ గారూ, రాయి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది. అప్పటిదాకా అది గుంపు, దానికి మొహం లేదు. ఆ వెలుగుకి ఒక్కొక్కడికీ ఒక్కో మొహం వచ్చింది, ఇల్లొచ్చింది, పెళ్ళాం పిల్లలొచ్చారు. మంకీ క్యాపులు గడ్డం దాకా లాక్కున్నారు. జ్ఞానప్రకాశం గారు పట్టుకున్న చేతులు వదిలేసి, ఏదో అంటుకున్నట్టు ప్యాంటుకి తుడుచుకున్నారు.

దిలీప్ మాత్రం నా మీదికి వచ్చాడు. తీసెయ్యి, గది తీసెయ్యి అంటూ కర్ర తిప్పాడు. కెమెరాని గుండెలకి హత్తుకుని చెయ్యి అడ్డం పెట్టాను. మణికట్టు విరిగింది అప్పుడే. రెండో దెబ్బకి లెన్సు పగిలింది. మూడోది కొట్టబోతుంటే, పోదాం పాండ్రి, మేడమ్ ఫోటో తీసింది అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ పరిగెత్తారు. నేను చెట్టు వైపు తిరిగి మిమ్మల్ని పిలిచాను. చెట్టు ఉంది, మీరు లేరు.

ఇక మీకు తెలియనిది చెబుతాను. పిల్లని చంకనేసుకుని రోడ్డుకి అడ్డం నిలబడి ఆటో ఆపాను. ఆటో అబ్బాయీ నేనూ ముసలాయన్ని ఎక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఆయన పేరు బాలస్వామి. భార్య పేరు శివమ్మ. మాణికేశ్వర్ నగర్‌లో ఉండే కూతురు అమల దగ్గరికి ఊరి నుంచి వచ్చి నెల రోజులుగా ఉంటున్నారు. నెమలిని చూపిస్తానని మనవరాల్ని ఎత్తుకొచ్చాడు పాపం. ఎడం కన్ను తీసేశారు. పక్కటెముకలు విరిగాయి. ఒకటి ఊపిరితిత్తిలో దిగిందట, డాక్టర్లు ఇంకా ఏ మాటా గట్టిగా చెప్పడం లేదు. తెలివి వచ్చినప్పుడల్లా, బుజ్జమ్మ పడ్డదా అని అడుగుతున్నాడు. ఆ పిల్లేమో ఇప్పుడు ఎవరు పేరడిగినా వాళ్ళమ్మ చీరలో తల దాచుకుంటోంది. గా సార్లు రోజు మా బస్తీ ముంగట్నుంచే పోతరు, గంత మంచిగ నవ్వుతరు, గట్లెట్ల కొడతరమ్మా అని శివమ్మ నన్ను అడిగింది.

ఆ శనివారం సాయంత్రమే స్టేషన్‌కి వెళ్ళాను. నాకన్నా ముందే వాళ్ళ కాగితం వెళ్ళింది. ముసలాయన తాగి పిల్లని ఈడ్చుకుపోతుంటే పెద్దమనుషులు ఆపబోయారట, ఆయన పరిగెత్తి కల్వర్టు కింద పడ్డాడట. కింద బోలెడు సంతకాలు, ఒక్కొక్కటీ ఒక రిటైర్డ్ ఆఫీసరుది. తాగాడా? ఆయన నోట్లోంచి వచ్చిన రక్తం నా చీర నిండా ఉంది, నాకు తెలియదా ఏం వాసన వచ్చిందో! ఎస్సై ఆ కాగితం పక్కన పెట్టి, గింతమంది ఒక్కటే మాట చెప్తున్నరు, మీరొక్కరు ఒక మాట చెప్తున్నరు మేడమ్, ఫోటో తీసిన్రట కదా, తేండ్రి, పేర్లు ఎక్కిస్తా అన్నాడు. లేకుంటే 17వ తేదీ సోమవారం నాడు, ఆయన తనే పడ్డట్టు రాసి ఫైలు మూసేస్తాడట. కెమెరా పగిలింది, బాగు చేయించి తెస్తానని చెప్పి వచ్చాను.

ఆ మాట స్టేషన్ గోడలు దాటడానికి ఎంతసేపు? ఆదివారం నేను చర్చిలో ఉండగా నా ఇంటి తలుపు పగలగొట్టారు. బీరువా బోర్లా పడేశారు. బట్టలు చింపారు. నా కంప్యూటర్‌ని నేలకేసి కొట్టారు. నేను తీసి ఫ్రేము కట్టించుకున్న వడ్రంగిపిట్ట బొమ్మని కాలితో తొక్కారు, గాజు నిండా బూటు అచ్చు. కెమెరా దొరకలేదు. అది నా చేతిసంచిలో, బైబిలు పక్కన, చర్చిలోనే ఉంది. మా వీధిలో ఎవరూ ఏమీ చూడలేదట. పట్టపగలు తలుపు పగిలితే వినపడని చెవులు, నేను కుక్కర్ పెడితే ఎన్ని కూతలు వచ్చాయో చెబుతాయి!

మంగళవారం జ్ఞానప్రకాశం గారు వచ్చారు. విరిగిన తలుపుని మెల్లిగా పక్కకి జరిపి, వందనాలమ్మా అంటూ లోపలికి వచ్చి, టేబుల్ మీద పెట్టె పెట్టారు. కొత్త కెమెరా. మీ దగ్గరున్నదే, అదే మోడల్, అదే లెన్సు. పిట్టల ఫోటోలకి సంఘం తరఫున మీకు చిన్న సన్మానం అనుకోండి, ఆ పాతది మాకిచ్చేయండి, పగిలిపోయిందిగా, మీకెందుకది అన్నారు. నేను కొట్టలేదమ్మా, మీరే చూశారు, ఊరికే చేతులు పట్టుకున్నానంతే అని కూడా అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పెట్టె తీసి ఎడంచేత్తో ఆయన మీదికే విసిరాను. భుజానికి తగిలి కింద పడింది. చేతులు పట్టుకున్నవాడు కొట్టనట్టా అండీ, ఆ చేతులు మీరు వదిలుంటే ఆయన కన్ను దక్కేది కదా అని అరిచాను. వీధంతా వినపడేలా అరిచాను. ఈసారి అందరికీ వినపడింది, కిటికీలు తెరుచుకున్నాయి. ఆయన పెట్టె ఏరుకుని, తల వంచుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగి, దిలీప్ మంచోడు కాదమ్మా, జాగ్రత్త అన్నారు. అది బెదిరింపో, జాలో, ఆయనకే తెలియాలి.

తర్వాత కూర్చుని ఆలోచించాను. అదే మోడల్, అదే లెన్సు. నాకు దాని మీద మనసని వాళ్ళకెలా తెలిసింది? నేను చెప్పింది ఒక్కరికే. మీరు చెప్పారు కమలాకర్ గారూ. టీచరమ్మకి ఇది ఇస్తే మెత్తబడతదని మీరే చెప్పి ఉంటారు. నాకు వచ్చిన ఏడుపు మణికట్టు విరిగినప్పుడు కూడా రాలేదు. మిమ్మల్ని తిట్టాలని ఉంది. నా నోటికి వచ్చే తిట్లు మీకు తెలుసు, రాయబోతే ఎడంచెయ్యి కదలట్లేదు.

మీకు భయమని నాకు తెలుసు. మీ ఇంటి పక్క ప్లాటు తగువులో దిలీప్ మిమ్మల్ని ఎలా ఏడిపించాడో భూదేవి గారు నాకు చెప్పుకున్నారు. నాకు మాత్రం భయం లేదా? స్టూలు అడ్డం పెట్టి, తలుపుకి వీపు ఆన్చి కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే పెన్ను ఆగిపోతోంది. అయినా చెబుతున్నాను, మీ బొమ్మలు తీసుకుని సోమవారం స్టేషన్‌కి రండి. నా ఫోటోకి మీవి తోడైతే కేసు గట్టిపడుతుంది. మీవైతే మొదటి దెబ్బ నుంచీ ఉంటాయి. ఎవరు రాయి తీశారు, ఎవరు చేతులు పట్టుకున్నారు, అంతా వరసగా ఉంటుంది, రెప్పపాటుకి ఇరవై చొప్పున.

మీ ప్రశ్నకి నా జవాబు ఇది. పిట్టల కోసమైతే కొత్తదే మంచిది, ఒప్పుకున్నాను, ఓడిపోయాను. మనుషుల మధ్య నిలబడాల్సి వస్తే నాకు చప్పుడు చేసేదే కావాలి. ఎదుటివాడికి తెలియాలి, వాణ్ణి ఒకరు చూస్తున్నారని. మీరు వచ్చి మీ మూగ కెమెరా చేత మాట్లాడిస్తే, ఈ మాట వెనక్కి తీసుకుంటాను.

భూదేవి గారికి నా నమస్కారాలు చెప్పండి. ఆవిడ పంపిన నిమ్మకాయ పచ్చడి సీసా ఒక్కటే వాళ్ళు పగలగొట్టకుండా వదిలేశారు.

ఇట్లు,
ఇంకా మీ స్నేహితురాలిననే అనుకుంటున్న
విజయకుమారి

తా.క.: ఈ ముక్క మొదటే రాయాల్సింది, చెయ్యి రాలేదు. ఆ పొద్దున నా కెమెరాలో కార్డు లేదు. ముందురోజు బొమ్మలు కంప్యూటర్లోకి ఎక్కించుకుని, కార్డు దానికే వదిలేసి వచ్చాను. నెమలి కోసం కాచుకున్నప్పుడే చూసుకున్నాను, మీరు నవ్వుతారని చెప్పలేదు. మీ కొత్తదైతే కార్డు లేదని మొరాయించేది. నా పాతది అడగదు, నొక్కితే ఠప్పుమంటుంది. ఫ్లాష్ లేపినప్పుడు అందులో ఏమీ పడదని నాకు తెలుసు. వెలుగూ చప్పుడూ చాలనుకున్నాను, అప్పటికి చాలాయి కూడా. వాళ్ళు నా తలుపు పగలగొట్టింది ఖాళీ డబ్బా కోసం. ఎస్సైకి చూపించడానికి నా దగ్గర ఒక్క బొమ్మ లేదు. ఉంటే గింటే మీ దగ్గరే ఉన్నాయి. మీరు చెరిపేసి ఉండొచ్చు. చెరిపేసినా, ఆ కార్డు మీద కొత్తగా ఏమీ తియ్యకపోతే బొమ్మలు వెనక్కి రప్పించొచ్చని నాకు నేర్పింది మీరే. కాబట్టి ఈ ఉత్తరం కింద పెట్టగానే దాన్ని కెమెరాలోంచి తీసి జేబులో వేసుకోండి. ఈ సంగతి దిలీప్ చెవిన వేశారంటే ఇక వాళ్ళకి ఏ భయమూ ఉండదు, నన్ను ఏం చేస్తారో మీకు తెలుసు. వెయ్యకపోతే సోమవారం పొద్దున స్టేషన్‌కి రండి. శివమ్మా నేనూ గేటు దగ్గరే ఉంటాం. ఆవిడకి మాత్రం ఫోటో ఉందనే చెప్పాను.